ఉగ్గుగిన్నె నుంచి కంచం దాకా

(బ్నీద్ అల్ గార్‌లో జరిగిన మన సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘం వారు మమ్మల్ని భాష గురించి మాట్లాడమని పిలిచారు. మేము అన్నం గురించి మాట్లాడతామన్నాము. కార్యదర్శి గారు ఒక్క నిమిషం ఆలోచించి, "అలాగే టీచరు గారూ, కాని అరగంట దాటకూడదు, తరువాత కూచిపూడి ఉంది" అన్నారు. దాటనివ్వము.

ముందుగా మా తెలుగు సంగతి చెప్పాలి. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. మేము ఆ ఇంట మూడో తరం. ఇంట్లో తెలుగు విన్నాము, వీధిలో బెంగాలీలో ఆడుకున్నాము, బడిలో ఇంగ్లీషు చదివాము. తెలుగు అక్షరాలు మాత్రం సాయంత్రపు తరగతిలో దిద్దుకున్నవే. అందుచేత మా మాటల్లో ఎక్కడైనా రాయి తగిలితే, అన్నంలో రాయిని తీసినట్టు పక్కన పెట్టి మిగిలినది తీసుకోవలసిందిగా ప్రార్థన.

ఇక్కడ బ్నీద్ అల్ గార్‌లో మేము నడిపే సాయంత్రపు తరగతికి పెద్ద పిల్లలను దిగబెట్టడానికి తల్లులు వస్తారు. చంకలో చిన్నవాడు ఉంటాడు. తరగతి అయ్యేదాకా వరండాలో కూర్చుంటారు. వాళ్ళ మాటల్లో అక్షరాల ఊసు ఎప్పుడూ వినబడదు. వినబడేది ఒక్కటే: "తినడం లేదండీ." ఆరు నెలలు నిండాయి, అన్నప్రాశన అయింది, స్పూను చూస్తే నోరు బిగిస్తాడు, పెట్టింది పెట్టినట్టు ఉమ్మేస్తాడు. ఇది చెబుతూ కంట తడి పెట్టిన తల్లులను మేము ఎందరినో చూశాము. వారిలో చాలామంది ఇక్కడే పుట్టి, ఇక్కడి ఇండియన్ స్కూళ్ళలో చదివి, ఇక్కడే తల్లులైనవారు.

ఊళ్ళో అయితే ఈ సంగతి ఇంత బరువయ్యేది కాదు. అమ్మమ్మ ఒక ముద్ద, మేనత్త ఒక ముద్ద, పక్కింటి అవ్వ ఒక ముద్ద పెట్టేవారు. ఒకరి చేతిలో తినని బిడ్డ ఇంకొకరి చేతిలో తినేవాడు. ఇక్కడ రెండు గదుల ఫ్లాటు, డ్యూటీకి వెళ్ళిన భర్త, బయట ఎండ. ఈ దేశంలో మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి ఎండలో బిడ్డను ఎత్తుకొని ఎక్కడికి పోతాం? తల్లి, బిడ్డ, మధ్యలో ఒక గిన్నె. గిన్నె ఖాళీ కాకపోతే తప్పు తనదే అనుకుంటుంది ఆ అమ్మాయి.

అమ్మలారా, తప్పు మీది కాదు, బిడ్డది అంతకన్నా కాదు. పుట్టిన పిల్లవాడికి పాలు పీల్చడం వచ్చు గాని తినడం రాదు. నోట్లో గట్టి పదార్థం పడితే నాలుక దానిని బయటికి తోస్తుంది. పసివాడి గొంతుకు అడ్డం పడకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది. నాలుగో నెలకూ ఆరో నెలకూ మధ్య ఆ కాపలా మెల్లగా సడలుతుంది, కొందరిలో ఇంకాస్త ఆలస్యంగా. ముద్దను నాలుకతో వెనక్కి తీసుకోవడం, చిగుళ్ళ మధ్యకు జరపడం, గుటక వేయడం - ఇవన్నీ ఒక్కొక్కటే నేర్చుకోవాలి. మేము నలభై ఏళ్ళుగా 'అ' దిద్దిస్తున్నాము. మొదటి రోజే వంకర లేకుండా రాసిన పిల్లవాడిని ఇంతవరకు చూడలేదు. రాయలేదని వేలు విరిచినవాడికి అక్షరాలు అబ్బిందీ చూడలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట తేలికైనది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత పైతిండి, దానితోపాటే రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు. మన ఆచారం మగపిల్లలకు ఆరు, ఎనిమిది వంటి సరి నెలలూ, ఆడపిల్లలకు ఐదు, ఏడు వంటి బేసి నెలలూ చెబుతుంది. ఆడపిల్లకు ఏడో నెల ఎలాగూ ఉంది కనుక ఐదో నెలలో తొందరపడనక్కరలేదు. బిడ్డ మెడ నిలిపి, ఆనుకొని కూర్చొని, మన కంచం వంక చూసి నోరు తెరుస్తున్నాడా అన్నది కేలండరు కన్నా మంచి గుర్తు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరుగా ఉంటుంది, అది డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

అన్నప్రాశన గురించి ఒక మాట. ఖరగ్‌పూరులో మా బెంగాలీ పొరుగువారు దీనిని ముఖే భాత్ అంటారు. మేనమామ చేత పాయసం నోటికి అందిస్తారు. మన ఇళ్ళలో పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందు పెట్టి బిడ్డ దేనిని పట్టుకుంటాడో చూస్తాము. ముచ్చటైన వేడుకే. కాని ఆ రోజు బిడ్డకు కొత్త బట్టలు గుచ్చుకుంటాయి, ఫోటోగ్రాఫరు దీపం కళ్ళలో పడుతుంది, నలుగురూ చుట్టుముడతారు. ఆ హడావిడిలో నోరు బిగించాడని "వీడు తిండికి పేచీకోరు" అని పేరు పెట్టేస్తే, ఆ పేరు ఏడాది దాకా వదలదు. ఆ రోజు పెదవికి తగిలిస్తే చాలు. అసలు పాఠం మర్నాటి నుంచి, తలుపు వేసుకొని, తీరికగా.

ఇక ఏమి పెట్టాలి. మన తల్లులు ఎక్కువగా చేసేది పలచన చేయడం. పప్పుకట్టు, గంజి, చారునీళ్ళు. బిడ్డ కడుపు చిన్న గ్లాసంత. దానిని నీళ్ళతో నింపితే కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టదు. స్పూను వంచితే గబుక్కున జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి. పప్పుకట్టు తేర్చి పోయడం కాదు, పప్పును అన్నంతో కలిపి పిసికి, ఒక చుక్క నెయ్యి వేసి పెట్టాలి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు. అందులో ఎంత లోపలికి పోయిందో లెక్కపెట్టకండి. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లకు పెంచుకోవచ్చు.

రాగులు మన భాగ్యం. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగులను నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, వేయించి పిండి చేస్తే ఇంకొక లాభం ఉంది. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, అందువల్ల జావ ఎక్కువ నీళ్ళు పోయకుండానే మింగడానికి వీలుగా జారుతుంది. అంటే అదే స్పూనులో ఎక్కువ బలం. రాయలసీమ అవ్వలకు ఎంజైము పేరు తెలియదు, పని తెలుసు. ఇక్కడ ఏ బకాలాలో అడిగినా రాగులు దొరుకుతున్నాయి, కువైట్ ఎండకు ఒక్క పూటలో ఎండుతాయి కూడాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ గురించి మన పిల్లలకు తెలియాలి. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. బలహీనపడ్డ పిల్లల కోసం వారు చెప్పిన కలపు పిండికి హైదరాబాద్ మిక్స్ అని పేరు వచ్చింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ పప్పు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల్లో 330 కెలోరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. ఇందులో ఏ ఒక్కటీ డబ్బాలో కొనేది కాదు. ఆరోగ్యంగా ఉన్న మన బిడ్డకు ఆ బెల్లం అక్కరలేదు. ఏడాదిలోపు ఉప్పు, చక్కెర అలవాటు చేయకపోవడమే మేలంటున్నారు. మనకు చప్పగా ఉన్నది వాడికి చప్పన కాదు, వాడికి అదే రుచి.

ఇనుము సంగతి మరవకండి. తల్లి కడుపులో దాచుకొని తెచ్చుకున్న ఇనుము ఆరో నెల నాటికి తరిగిపోతుంది. పాలలో ఉన్నది చాలదు, ఉత్త తెల్లన్నంలో లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, తినేవారైతే మెత్తగా ఉడికించిన మాంసం, కాలేయం కావాలి. మీదనుంచి రెండు చుక్కలు నిమ్మరసం పిండితే పప్పులోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. బిడ్డకు స్పూనుతో టీ పట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. టీ ఆ ఇనుమును అడ్డుకుంటుంది, మానుకోవాలి.

మా తరగతికి వచ్చే ఒక కుటుంబంలో ఎనిమిది నెలల బాబు ఉన్నాడు. పేరు చెప్పము. వాడి నానమ్మ విజిటు మీద ఊరి నుంచి వచ్చింది. ఉగ్గుగిన్నె కూడా వెంట తెచ్చింది. బాబును చాపిన కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు రెండూ నొక్కి పట్టి, ముక్కు బిగించి, ఏడవడానికి నోరు తెరిచినప్పుడు పోసేది. బాబుకు పొలమారేది. వారం తిరిగేసరికి గిన్నె చప్పుడు వింటేనే ఏడుపు. కోడలు అత్తగారికి ఎదురు చెప్పలేక వరండాలో మా దగ్గర ఏడ్చింది.

మేము ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళి కూర్చున్నాము. "ఎందుకమ్మా అంత భయం?" అని అడిగాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. 1990 ఆగస్టులో కువైట్ నుంచి బయలుదేరి, ఇరాక్ మీదుగా, జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారంలో ఉన్నదట. ఆ బాబు తండ్రే అప్పుడు ఆమె చేతిలో పసిగుడ్డు. పాలు ఇంకిపోయాయి, ఎండు ఖుబ్జు ముక్కను నీళ్ళలో నానబెట్టి నాకించిందట. అమ్మాను నుంచి విమానాల్లో మనదేశం చేరిన లక్షా డెబ్బైవేల మందిలో ఆ తల్లీ కొడుకూ ఉన్నారు. "ఆకలి ఎట్లుంటదో మీకు తెల్దు టీచరమ్మా, గిన్నెలో మిగిలితే నాకు చేతులు వణుకుతాయి" అంది. ఆ చేతులను మేము ఏమని తప్పు పట్టగలం? ఇక్కడ ఉన్న పాత కుటుంబాలలో ఆ భయం తెలియని ఇల్లు తక్కువ.

కాని ఆ భయాన్ని బిడ్డ నోట్లో పోయకూడదు. అది మాత్రం గట్టిగానే చెప్పాము. పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల దారిన పోవచ్చు. పైగా బలవంతాన పోసిన అన్నం మీద బిడ్డకు పుట్టేది అసహ్యమే. ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు 1980లలో ఒక పంపకం చెప్పింది: ఏమి పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది బిడ్డ పని. పెద్దావిడకు ఇది మొదట నచ్చలేదు. "పసోడికేం తెలుసు?" అంది. పాలు తాగేటప్పుడు ఎంత చాలో వాడే కదా తల తిప్పి చెప్పాడు అని మేమన్నాము. దానికి ఆమె దగ్గర జవాబు లేకపోయింది.

పదిహేను రోజులకు ఒప్పందం చేసుకున్నాము. ఉగ్గుగిన్నె అటక మీదికి. బాబును నిటారుగా కూర్చోబెట్టడం. పాలు పట్టిన గంట గంటన్నర దాకా అన్నం ఊసెత్తకపోవడం. అప్పటిదాకా ప్రతి అరగంటకూ ఏదో ఒకటి నోట్లో పెడుతుండేవారు, ఇక వాడికి ఆకలి ఎక్కడిది? పెద్దలు తినేటప్పుడే వాడి ముందు పళ్ళెంలో కొంచెం పెట్టడం, పిసకనివ్వడం, పూసుకోనివ్వడం. స్పూను పెదవి దాకా తెచ్చి ఆగడం, నోరు తెరిస్తేనే లోపలికి. తల తిప్పితే గిన్నె తీసేయడం, ముఖం ముడుచుకోకుండా. మొదటి నాలుగు రోజులు ఏమీ తినలేదు. ఐదో రోజు నానమ్మ కంచంలో చెయ్యి పెట్టి పప్పన్నం తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడ ఫోను చేసి చెప్పిన గొంతు ఇంకా మా చెవిలో ఉంది. ఆ తరువాత అంతా సాఫీగా జరిగిందని చెప్పము. గుడ్డు మాత్రం తొమ్మిదిసార్లు ఉమ్మేశాడు. ఒక రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, చూపించవలసి వస్తుందని నిపుణులు చెప్పేదీ అదే. మనం మూడోసారికే "వీడికి పడదు" అని తీర్పు చెప్పేస్తాము.

మిక్సీ గురించి చెప్పాలి. అన్నం, పప్పు, క్యారెట్టు అన్నీ మిక్సీలో వేసి గంధంలా చేసి ఏడాది దాకా అదే పెట్టే ఇళ్ళు ఉన్నాయి. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతంలో 1991, 1992లలో పుట్టిన వేలాది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. పలుకులు పలుకులుగా ఉన్న తిండి తొమ్మిది, పది నెలలు దాటాకగాని రుచి చూడని పిల్లలకే తరువాత తిండి పేచీలు ఎక్కువ కనిపించాయి. కనుక ఏడో నెల నుంచే వేళ్ళతో పిసికి, ఎనిమిదో నెలకు పలుకు తగిలేలా, ఏడాదికి మనతోపాటు కారం తగ్గించి. గోరుముద్ద అన్నది ఎంత తెలివైన కొలతో!

ఇంకొకటి, సెల్‌ఫోను. బొమ్మలు చూపిస్తే నోరు తెరుస్తాడు, నిజమే. ఏమి తింటున్నాడో, చాలిందో లేదో వాడికి తెలియదు. మాకు ఇందులో ఇంకొక దుఃఖం కూడా ఉంది, భాషకు సంబంధించినది. బువ్వ, ఆం, ముద్ద, చాలా, ఇంకా, వేడి, ఊదు - ఈ మాటలు మా తరగతిలో నేర్పలేము. అవి అన్నంతో పాటే నోట్లో పడాలి. చందమామను పిలిచి పెట్టిన ముద్దతో వెళ్ళే తెలుగు ఫోను పెట్టిన ముద్దతో వెళ్ళదు. గల్ఫ్ రోడ్డు మీది నుంచి సముద్రం మీద చందమామ ఎంత బాగా కనబడుతుందో మీకు తెలిసిందే.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, ఇవి మాత్రం కచ్చితంగా పాటించండి. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, అన్నప్రాశన నాడు కూడా. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసివాడి పేగులో విషం పుట్టించి కండరాలను పడగొట్టగలదు. ఇక్కడి అరబ్బులు పుట్టిన బిడ్డ నోటికి నమిలిన ఖర్జూరం రాస్తారు, మన వాళ్ళు తేనె నాకించేవారు. ప్రేమ ఒకటే, తేనెను మాత్రం వదులుకోవాలి. వస అరగదీసి నాకించడం కూడా వద్దు. ఏడాది లోపు ఆవుపాలను తల్లిపాలకు బదులుగా పట్టకూడదు. వేరుశనగ పలుకులు, గుండ్రని ద్రాక్ష, పచ్చి క్యారెట్టు ముక్క గొంతుకు అడ్డం పడతాయి. వేరుశనగను మెత్తని పొడిగా జావలో కలిపి పెట్టడం మాత్రం మంచిదే. లండనులో 640 మంది పసివాళ్ళ మీద చేసి 2015లో ప్రకటించిన పరీక్షలో, అలా తొందరగా అలవాటైన వారిలో వేరుశనగ పడకపోవడం చాలా తగ్గిపోయింది. బిడ్డకు గజ్జి వంటి ఎగ్జిమా ఎక్కువగా ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి. వండినది ఈ వేడిలో గంటకు మించి బయట ఉంచకండి.

వాంతి వచ్చినట్టు ఓక్కుమని, ముఖం ఎర్రబడి, శబ్దం చేస్తే భయపడకండి, అది నేర్చుకోవడంలో భాగం. శబ్దం లేకుండా, ఏడవలేక, నీలం తిరిగితే అది అసలైన అడ్డం పడడం. బిడ్డను ముంజేతి మీద బోర్లించి, తల కిందికి ఉంచి, భుజాల మధ్య అయిదు దెబ్బలు. పోకపోతే తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్ళతో అయిదు నొక్కులు. ఇంకొకరు 112కు ఫోను చేయాలి.

అన్ని పేచీలూ ఓపికతో తీరవు. గుటక గుటకకూ దగ్గు, తినేటప్పుడు చెమటలు, గొంతులో గురగుర, తరచు వాంతులు, తూకం పెరగకపోవడం, మూత్రం తగ్గడం, ఆరు నెలలు దాటినా మెడ నిలవకపోవడం - వీటిలో ఏది కనబడినా ఇరుగుపొరుగు సలహాలు కట్టిపెట్టి క్లినిక్కుకు వెళ్ళండి. మాకు తెలిసిన ఒక పాపకు మింగడంలోనే లోపం ఉంది. తల్లి తూకాల పుస్తకం చూపించి పట్టుబట్టింది కనుక సమయానికి తేలింది, వైద్యం జరిగి ఇప్పుడు మా తరగతిలో గుణింతాలు చదువుతున్నది.

మన మధ్య ఇంకొక తల్లులు ఉన్నారు, ఈ సభకు రాలేనివారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి అరబ్బుల ఇళ్ళలో ఖద్దామాలుగా చేస్తున్నవారు. దొరసాని బిడ్డకు రోజూ గంటసేపు ఓపికగా తినిపిస్తారు. తమ బిడ్డ మొదటి ముద్ద తినడం ఫోనులో చూస్తారు. వారిలో ఒకామె శుక్రవారం సెలవు దొరికినప్పుడు మా దగ్గరకు వచ్చి, ఊళ్ళో ఉన్న తన పాపకు ఏమి పెట్టాలో రాసిమ్మంటుంది. పెద్ద అక్షరాలతో రాసిస్తాము. వాళ్ళమ్మకు చదువు రాదు, ఎదురింటి పిల్ల చదివి చెబుతుందట. పోయిన నెల రాసిన చీటీలో రాగిజావ, గుడ్డు, పప్పన్నం, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఉన్నాయి. మీ ఇంట్లో, మీకు తెలిసిన ఇంట్లో అటువంటి అమ్మాయి ఉంటే ఈ సంచికలోని ఈ పేజీ చించి ఇవ్వండి. మేమేమీ అనుకోము.

చివరకు ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. "టీచరు గారూ, పళ్ళే రాలేదు, ఎలా నములుతాడు?" చిగుళ్ళు గట్టివి, మీ వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. రేపు పొద్దున ఇడ్లీ పొడుగ్గా కోసి, వేడి తగ్గాక ఒక ముక్క చేతికిచ్చి, మీరు ఎదురుగా కూర్చొని మీ ఇడ్లీ మీరు తినండి.